ఉలవ గింజకు నెత్తురు తెలుసు

నాయుడుపేట కొట్లలో ఉలవల గోతాలు నోరు తెరుచుకుని ఉంటాయి. ఎర్రవి, గోధుమరంగువి, అక్కడక్కడ నల్లవి. ఎడ్లకు దాణా, మనకు చారు, చలిరోజుల్లో గుగ్గిళ్లు. వంటింటికీ గొడ్లచావడికీ మధ్య తిరిగే ఈ గింజకు మూడో కొలువు ఒకటుంది. పచ్చి ఉలవలను మెత్తగా నూరి, ఉప్పునీళ్లలో కలిపి, వడగట్టి, ఆ తేటను తగుపాటిగా పలచన చేసి, ప్రయోగశాలలో గాజుపలక మీద నెత్తురు చుక్కకు కలుపుతారు. ఆ నెత్తురు ఓ గ్రూపుదో బీ గ్రూపుదో అయితే చుక్క సాఫీగా, ఎర్రగా అలాగే ఉంటుంది. ఏ గ్రూపుదైతే కాసేపటికి విరుగుతుంది. ఎర్రకణాలు ఒకదాన్నొకటి అంటుకుని గరుకు గరుకుగా గుంపులు కడతాయి, చుట్టూ నీరు తేటపడుతుంది. అందులోనూ ఉలవకు పట్టింపు ఉంది. ఏ గ్రూపువాళ్లలో ఎక్కువమంది ఏ1 రకం, కొద్దిమంది ఏ2 రకం. తగిన పలచనలో ఉలవ తేట ఏ1నే గుంపు కట్టిస్తుంది, ఏ2 జోలికి పోదు.

ఈ గుణాన్ని లోకానికి చెప్పినవాడు జి.డబ్ల్యు.జి. బర్డ్ అనే రక్తశాస్త్ర నిపుణుడు. చెప్పింది 1951లో, మన బెంగళూరు నుంచి వెలువడే 'కరెంట్ సైన్స్' పత్రికలో. అప్పటినుంచి ఇప్పటిదాకా బ్లడ్ బ్యాంకుల్లో ఏ1 రకాన్ని తేల్చే చిన్న సీసాలో ఉండేది ఉలవ ప్రోటీనే. ఆ సీసా మీద ఉలవ బొమ్మ ఉండదు. ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఇంతకీ ఉలవ గుర్తుపట్టేది దేన్ని? ఎర్రకణం ఒంటినిండా ప్రోటీన్లు, కొవ్వులు పొడుచుకుని ఉంటాయి. వాటి మీద చక్కెర గొలుసులు మొలిచి ఉంటాయి. మన రక్తం గ్రూపు అంటే ఆ గొలుసు కొసన ఉన్న చక్కెర, అంతే. ఏ గ్రూపువాళ్లకు అక్కడ ఎన్-అసిటైల్ గాలక్టోజమీన్ ఉంటుంది. బీ గ్రూపువాళ్లకు గాలక్టోజ్. ఓ గ్రూపువాళ్లకు రెండూ లేవు, వాళ్ల గొలుసు దాని ముందున్న ఫ్యూకోజ్ దగ్గరే ఆగిపోతుంది. ఏకీ బీకీ అణువుల్లో తేడా చిటికెడు. ఒకదానిలో ఆక్సిజన్-హైడ్రోజన్ జంట ఉన్నచోట ఇంకొకదానిలో నైట్రోజన్‌తో కూడిన చిన్న గుత్తి. ఆ గుత్తి ఉందో లేదో చూసుకోకుండా నెత్తురు ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. 1970లో అమెరికాలో మారిలిన్ ఎట్జ్లర్, ఎల్విన్ కబాట్ ఉలవ ప్రోటీనును శుద్ధిచేసి చూస్తే, అది తడుముతున్నది సరిగ్గా ఈ గుత్తి ఉన్న చక్కెరనే అని తేలింది.

కొసకు ముందున్న ఆ ఫ్యూకోజ్ కూడా లేని మనుషులున్నారు. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే బృందం వాళ్లను గుర్తించింది. అందుకే దానికి బొంబాయి గ్రూపు అని పేరు. వాళ్లకు ఓ గ్రూపు నెత్తురు కూడా పడదు. ఒక్క చక్కెర తక్కువైనందుకు, లోకంలో దాదాపు అందరి నెత్తురూ వాళ్లకు పరాయిదైపోయింది.

మన ఒంట్లోని ప్రోటీన్లలో సగానికి పైగా ఇలా చక్కెరలు తగిలించుకున్నవేనని అంచనా. చక్కెర అనగానే మనకు మధుమేహం గుర్తొస్తుంది. నాయుడుపేటలో ఏ ల్యాబుకు వెళ్లినా చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా ప్రోటీను మీద చక్కెరను కొలిచేదే. నెత్తుట్లో గ్లూకోజ్ ఎక్కువైతే అది హిమోగ్లోబిన్‌కు తనంతట తాను అతుక్కుపోతుంది, ఎర్రకణం బతికే 120 రోజులూ వదలదు. టెహరాన్‌లో సామ్యూల్ రాహ్‌బర్ 1960ల చివర్లో మధుమేహుల నెత్తుట్లో ఈ మార్పును చూశాడు. బోరాన్ ఉన్న కొన్ని రసాయనాలకు చక్కెరలోని పక్కపక్క ఆక్సిజన్లను ఒడిసిపట్టే గుణం ఉంది. ఈ పరీక్ష చేసే పద్ధతుల్లో ఒకటి దానిమీదే నడుస్తుంది. కానీ అది పడకూడని చోట పడ్డ చక్కెర. నేను చెబుతున్నది కణం ఎంజైములతో, పనిగట్టుకుని, ఒక్కొక్కటిగా పేర్చుకునే చక్కెరల గురించి. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

పేర్చడమంటే మామూలు పేర్పు కాదు. మూడు వేర్వేరు అమైనో ఆమ్లాలను ఒక్కోసారి వాడి వరుసగా కలిపితే 6 రకాల గొలుసులు వస్తాయి. మూడు వేర్వేరు ఆరు-కార్బన్ల చక్కెరలను కలిపితే వెయ్యికి పైగా. ఎందుకంటే చక్కెరకు కొక్కేలు ఎక్కువ. ఏ కార్బన్ దగ్గర కలిసింది, పైకి తిరిగి కలిసిందా కిందికి తిరిగి కలిసిందా, కొమ్మ వేసిందా లేదా, ప్రతిదానికీ లెక్క మారిపోతుంది. పైగా ప్రోటీనుకు జన్యువులో అక్షరాలా రాత ఉంది, దాన్ని చదివితే ప్రోటీను వరుస తెలిసిపోతుంది. చక్కెర గొలుసుకు అలాంటి రాత లేదు. కణంలో ఆ పూట ఏ ఎంజైములు చురుగ్గా ఉన్నాయి, ఏ చక్కెర నిల్వ ఉంది అన్నదాన్నిబట్టి గొలుసు పెరుగుతుంది. ఒకే ప్రోటీను రెండు ప్రతుల మీద రెండు రకాల చెట్లు మొలవొచ్చు. అందుకే చక్కెరను చదవడం కుదరదు, తాకి చూడాల్సిందే. ఆ తాకే వేళ్లు మనకు మొదట దొరికింది గింజల్లో.

నాయుడుపేట చుట్టుపక్కల కంచెల వెంట నడిస్తే ఆ వేళ్లు కంటపడుతూనే ఉంటాయి. ఆముదం చెట్టు ఒకటి. 1888లో బాల్టిక్ ప్రాంతంలోని డోర్పాట్ విశ్వవిద్యాలయంలో పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ ఆముదం గింజల విషాన్ని విడదీసి, అది ఎర్రకణాలను గుంపు కట్టిస్తుందని రాశాడు. లెక్టిన్లు అని ఇప్పుడు పిలిచే చక్కెరపట్టు ప్రోటీన్ల కథ అక్కడ మొదలైంది. గురివింద రెండోది. కంసాలి తక్కెడలో బంగారం తూచిన ఆ ఎర్రటి, నల్లమచ్చ గింజలో ఆబ్రిన్ ఉంది. ఆముదంలోని రైసిన్‌కు అది దగ్గరి చుట్టం. రెంటికీ రెండేసి భాగాలు. ఒక భాగం కణం మీది గాలక్టోజ్‌ను పట్టుకుంటుంది, రెండోది లోపలికి జొరబడి ప్రోటీన్లు తయారయ్యే చోటును పాడుచేస్తుంది. చక్కెర ఇక్కడ తలుపు గడియ. పాల్ ఎర్లిక్ 1891లో ఎలుకలకు ఈ రెండు విషాలను కొద్దికొద్దిగా ఇచ్చి, అవి తట్టుకునేలా చేసి, రోగనిరోధకత గురించి తన తొలి పాఠాలు నేర్చుకున్నాడు.

మొక్కకు ఈ ప్రోటీన్లు ఎందుకంటే, తినవచ్చిన పురుగు పేగునూ, పైన పడ్డ బూజునూ అడ్డుకోవడానికని చాలామంది శాస్త్రవేత్తల మాట. పురుగు పేగు గోడ మీదా చక్కెరలే, బూజు ఒంటి మీదా చక్కెరలే. మనం ఉలవలను గంటలకొద్దీ ఉడికిస్తాం గనుక ఆ ప్రోటీను మడతలు విడిపోయి పొయ్యి మీదే దాని కథ ముగుస్తుంది. పచ్చి గింజలో మాత్రం అది మెలకువగానే ఉంటుంది.

ఒక చక్కెరను పట్టే ప్రోటీనును గింజల పిండిలోంచి ఏరడానికి ఇంకో చక్కెరే గాలం. దీనికి మన ప్రాంతంలో మంచి కథ ఉంది. నాయుడుపేట నుంచి తిరుపతి, చిత్తూరు దాటి వెళితే వేలూరు. పెద్ద జబ్బు చేస్తే మన జిల్లాల జనం బస్సెక్కేది అక్కడి సీఎంసీకే. ఆ ఆస్పత్రి ఆవరణలోనే బిమల్ కుమార్ బఛావత్ 1950ల నుంచి చక్కెర-ప్రోటీన్ల రసాయనశాస్త్రానికి ఒక బడి లాంటిది నడిపాడు. అవధేశ సురోలియా ఆయన శిష్యుడు. వాళ్లు 1977లో ఆముదం గింజల నుంచి గాలక్టోజ్‌ను పట్టే ప్రోటీన్లను విడదీసిన పద్ధతి చూడండి. గోరుచిక్కుడు గింజల జిగురు తీసుకున్నారు. అందులో మానోజ్ చక్కెరల పొడవాటి వెన్ను, దాని మీద పక్కలకు గాలక్టోజ్ రెమ్మలు. ఆ జిగురు నీళ్లలో కరిగిపోకుండా రసాయనంతో ముడులు వేసి, గుళికలు చేసి గొట్టంలో నింపారు. పైనుంచి ఆముదపు గింజల రసం పోస్తే గాలక్టోజ్‌ను ఇష్టపడే ప్రోటీన్లు రెమ్మలకు తగులుకుని ఆగిపోతాయి, మిగతాదంతా కిందికి జారిపోతుంది. చివర్లో చక్కెర నీళ్లు పోస్తే, అంటుకున్నవి వదిలి శుద్ధంగా బయటికొస్తాయి. ఖరీదైన విదేశీ గుళికలకు బదులు కూరగాయల బండి మీది సరుకు సరిపోయింది.

ఆ గొట్టం పద్ధతి తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చేరింది. స్నేహ సుధా కోమత్, నడింపల్లి శివకుమార్, ఎం.జె. స్వామి 1996లో పొట్లకాయ గింజల లెక్టిన్‌ను పుష్కలంగా తీసే దారి చూపారు. ఆ గింజా గాలక్టోజ్‌నే కోరుతుంది. కాకర గింజలోనూ ఇలాంటి ప్రోటీను ఉంది. దొండది వేరే దారి. దొండ తీగను కోస్తే కారే రసంలో ఉన్న లెక్టిన్‌కు కైటిన్ ముక్కలంటే మోజు. కైటిన్ అంటే ఎన్-అసిటైల్ గ్లూకోజమీన్ అనే ఒకే చక్కెరను వేలకొద్దీ వరుసగా గుచ్చిన దారం. బూజు గోడలో అది ఉంది, పురుగు చర్మంలోనూ ఉంది. నెల్లూరు తీరమంతా చెరువుల్లో పెంచే రొయ్యల పెంకూ అదే. రొయ్యలు వలిచి పారబోసిన పెంకుల గుట్టను చూసి ముక్కు మూసుకుని పోతాం గానీ, అక్కడ కుప్పపడ్డది చక్కెర గుట్టే.

ఇక వేరుశనగ. స్వర్ణముఖి ఇసుక నేలలకు దానితో పాత చుట్టరికం. ఉలవ సంగతి చెప్పిన బర్డే 1964లో వేరుశనగలోనూ ఒక లెక్టిన్ ఉందని రాశాడు. అది మామూలు ఎర్రకణాలను పట్టించుకోదు. కొన్ని బ్యాక్టీరియాల ఎంజైము కణం మీది సయాలిక్ ఆమ్లం అనే చక్కెరను కొరికేస్తే, దాని కింద దాగిన రెండు చక్కెరల జంట బయటపడుతుంది. వేరుశనగ లెక్టిన్ వెతికేది ఆ జంటనే. ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని కప్పి ఉంచుతుంది. క్యాన్సర్ కణం చాలాసార్లు గొలుసును సగంలో వదిలేస్తుంది, ఆ జంట బయటికి కనిపిస్తుంది. ఈ లెక్టిన్ ఆకృతిని ఎక్స్‌రేలతో తేల్చింది 1994లో బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎం. విజయన్, సురోలియా, కె. సుగుణ తదితరులు. నాలుగు ముక్కలు కలిసిన ఆ ప్రోటీను కూర్పు, అంతవరకూ తెలిసిన ఏ పద్ధతికీ ఒదగలేదు. రెండేళ్లకు అదే బృందం పనస గింజ లెక్టిన్‌నూ ఛేదించింది. ఆ పనిలో ముందున్న ఆర్. శంకరనారాయణన్ తరువాత హైదరాబాదు సీసీఎంబీలో స్థిరపడ్డాడు. మార్కెట్ యార్డులో కాయల బస్తాలు తూచేవాళ్లకు ఈ ఊసు చెబితే నవ్వుతారేమో. నవ్వనివ్వండి.

సయాలిక్ ఆమ్లం పేరు వచ్చింది గనుక పక్షుల దగ్గరికి వెళ్లాలి. నాయుడుపేట నుంచి చెన్నై దారిలో దక్షిణంగా వెళితే దొరవారిసత్రం, దాని పక్కన నేలపట్టు. వానాకాలం వెనకబడగానే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు అక్కడి నీటిచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఇంకాస్త ముందుకెళితే సూళ్లూరుపేట, పులికాట్. ఫ్లెమింగోలు వరుసలుగా దిగేది అక్కడే. వాటితోపాటు ఉత్తరాది చలిని తప్పించుకొచ్చే బాతులు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలాలు తిరుపతి జిల్లాలో చేరాయి. పక్షులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అవి నెల్లూరు తీరానికే వస్తున్నాయి.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోని చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బ ఊళ్లలో కోళ్లు ఉన్నట్టుండి రాలిపోయాయి. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టుపక్కల చికెన్ కొట్లు మూతపడ్డాయి. కోడిని అంత వేగంగా కూల్చిన వైరస్ మనుషుల్లో ఒకరి నుంచి ఒకరికి ఎందుకు అల్లుకుపోలేదు? జవాబు చక్కెర ముడిలో ఉంది. ఫ్లూ వైరస్ కణాన్ని పట్టుకునేది సయాలిక్ ఆమ్లంతోనే. పక్షి పేగుల్లో ఆ ఆమ్లం పక్కనున్న గాలక్టోజ్ మూడో కార్బన్‌కు తగులుకుని ఉంటుంది. మన ముక్కులో, గొంతులో ఎక్కువగా ఆరో కార్బన్‌కు. మూడుకూ ఆరుకూ మధ్య తేడా ఏపాటిదని కొట్టిపారేయకండి. ముడి మారితే గొలుసు వంపు మారుతుంది, పక్షి వైరస్ పట్టు సడలుతుంది.

ఈ తేడాను కళ్లకు కట్టినదీ మొక్కలే. ఎల్డర్‌బెర్రీ అనే చలిదేశపు చెట్టు బెరడులోని లెక్టిన్ ఆరో ముడిని పట్టుకుంటుంది. తూర్పు ఆసియాలోని మాకియా చెట్టు గింజలది మూడో ముడి. 2006లో యోషిహిరో కవావోకా బృందం ఇలాంటి లెక్టిన్లకు రంగు తగిలించి మనిషి శ్వాసమార్గపు ముక్కలను అద్దింది. ముక్కులో, గొంతులో ఆరో ముడి రంగు మెరిసింది. ఊపిరితిత్తుల అట్టడుగున, గాలి నెత్తుట్లో కలిసే చోట, మూడో ముడి కూడా కనిపించింది. పక్షి వైరస్ అంత లోతుకు దిగితే మనిషిని తీవ్రంగా పడేయగలదు. కానీ అంత లోతున ఉన్నది దగ్గుతో, తుమ్ముతో తేలిగ్గా బయటికి రాదు, పక్కవాడికి అంటదు. కాకపోతే వైరస్ మారుతూ ఉంటుంది, ఆ పట్టు మారడానికి దాని ప్రోటీనులో కొద్దిపాటి మార్పులు చాలు. నేలపట్టు పక్షుల మీద కన్నేసి ఉంచాలని అధికారులు చెప్పేది ఇందుకే.

జబ్బుల ఊసు వచ్చింది గనుక, హైదరాబాదులో చక్కెరను ప్రోటీనుకు మనుషులే తగిలించిన కథ ఒకటి క్లుప్తంగా చెబుతాను. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటి మీద వీఐ అనే చక్కెర పొర ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లల శరీరం ఒట్టి చక్కెరను చూసి సరిగ్గా స్పందించదు. భారత్ బయోటెక్ ఆ చక్కెరను ధనుర్వాతం విషం నుంచి చేసిన నిరపాయకర ప్రోటీనుకు రసాయన బంధంతో కలిపి, 2013లో టీకాగా విడుదల చేసింది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి అర్హత ముద్ర వేసింది. జతకలిసిన తరువాత పసిపిల్లల శరీరం కూడా ఆ చక్కెరను గుర్తుంచుకుంటుంది.

గింజల వేళ్లకు ఒక లోటుంది. అవి పైనుంచి తడుముతాయి, పట్టు కాస్త వదులు, కొన్ని కణానికి విషం కూడా. బతికున్న కణంలో చక్కెర ఎప్పుడు పుట్టింది, ఎటు వెళ్లింది అని వెంట నడవాలంటే అవి చాలవు. కణం తానే చక్కెరను మింగి తన ఒంటి మీద పెట్టుకునేటట్టు చేస్తే? ఈ ఆలోచనకు ప్రకృతిలోనే ఆధారం ఉంది, అదీ మన భోజనంలో.

నెల్లూరు పొట్టేలు మాంసం తెలుగునాట పేరుమోసినది. గొర్రెల, పశువుల కణాల మీద సయాలిక్ ఆమ్లం రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మనకూ ఉంది. రెండోది, ఒక ఆక్సిజన్ ఎక్కువున్నది, మనం చేసుకోలేం. ఆ ఎంజైము జన్యువు మన పూర్వీకుల్లో ఇరవై ముప్పై లక్షల ఏళ్ల కిందటే చెడిపోయింది. కోడికీ అది లేదు. ఈ సంగతులు వెలికితీసినవాడు వేలూరు సీఎంసీలో వైద్యం చదివి, అమెరికాలో శాండియాగోలో స్థిరపడ్డ అజిత్ వర్కి. 2003లో ఆయన బృందం ఆ జంతు చక్కెర జాడలను మనుషుల ఒంట్లోనే చూపించింది. తిండితో వచ్చినదాన్ని మన కణం పరాయిదని గుర్తించక, తన గొలుసుల్లో గుచ్చేసుకుంటోంది. ఆ చక్కెరను తాగి తమ మీదే పరీక్షించుకున్నవాళ్లలో వర్కి కూడా ఉన్నాడు. మాంసం తిన్న మనిషి ఒంటి మీద పొట్టేలు ఆనవాలు కొంత మిగిలిపోతుందన్నమాట.

కణంలోని ఎంజైములు అంత చూసీచూడనట్టు పోతాయని రసాయనవేత్తలు అంతకు ముందే కనిపెట్టి వాడుకోవడం మొదలుపెట్టారు. 1992లో బెర్లిన్‌లో వెర్నర్ రాయిటర్ బృందం సయాలిక్ ఆమ్లానికి ముడిసరుకైన మానోజమీన్‌కు ఒక కార్బన్ ఎక్కువ తగిలించి ఎలుకలకు ఇచ్చింది. వాటి కణాల మీద ఒక కార్బన్ ఎక్కువున్న సయాలిక్ ఆమ్లం మొలిచింది. 1997లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో లారా మహల్, కెవిన్ యారెమా, కరోలిన్ బెర్టోజీ ఆ అదనపు కొసను పనికొచ్చే కొక్కెంగా మార్చారు. మొదట కీటోన్ అనే గుత్తిని వాడారు. 2000లో ఎలియానా సాక్సన్, బెర్టోజీ అజైడ్‌ను ఎంచుకున్నారు. అజైడ్ అంటే మూడు నైట్రోజన్లు వరుసగా కూర్చున్న బుల్లి గుత్తి. మన కణాల్లో అది ఎక్కడా ఉండదు, అక్కడున్న దేనితోనూ కలవదు. మందలో ఒక గేదె మెడకు గంట కట్టినట్టు: అది మందతోపాటే మేస్తుంది, మందతోపాటే తిరుగుతుంది, కాని ఎక్కడుందో వినిపిస్తూనే ఉంటుంది.

ఆ గంటను వినే చెవి కావాలి కదా. మొదట హెర్మన్ స్టౌడింగర్ 1919లో చేసిన ఫాస్ఫరస్ చర్యను బెర్టోజీ మలచుకుంది. పని జరిగింది గానీ నెమ్మదిగా. 2002లో కోపెన్‌హాగన్‌లో మోర్టెన్ మెల్డాల్, అమెరికాలో బారీ షార్ప్‌లెస్ వేర్వేరుగా ఒకటే చెప్పారు: రాగి తోడుంటే అజైడ్, ఆల్కైన్ అనే మూడు బంధాల కార్బన్ జంట చప్పున కలిసి గట్టి వలయం అవుతాయి. రాగి బతికున్న కణానికి పడదు. అక్కడ బెర్టోజీకి ఒక పాత కాగితం అక్కరకొచ్చింది. 1961లో గియోర్గ్ విటిగ్, అడాల్ఫ్ క్రెబ్స్ ఎనిమిది కార్బన్ల వలయంలో మూడు బంధాల జంటను ఇరికించి చూశారు. ఆ జంట తిన్నగా ఉండాలనుకుంటుంది, వలయం దాన్ని వంచేస్తుంది. ఆ బిగువుతో ఉన్నది అజైడ్‌ను తాకగానే పేలుడు లాంటి వేగంతో కలిసిపోయిందని వాళ్లు రాశారు. రాగి అక్కర్లేదు, బిగువే చాలు. 2004లో బెర్టోజీ బృందం ఆ బిగువు వలయాన్ని బతికున్న కణాల మీద నడిపించింది. తరువాత ఫ్లోరిన్లు తగిలించి దాన్ని ఇంకా చురుకు చేసింది. 2022 రసాయన నోబెల్ బెర్టోజీకి, మెల్డాల్‌కు, షార్ప్‌లెస్‌కు కలిపి వచ్చింది. షార్ప్‌లెస్‌కు అది రెండోసారి.

ఈ పనిలో కంటికి ఇంపైన ఘట్టం 2008 నాటిది. జీబ్రా చేప మన ఉపఖండపు వాగుల్లో పుట్టిన వేలెడంత చేప. దాని పిండం గాజులా తేటగా ఉంటుంది. అజైడ్ తగిలించిన గాలక్టోజమీన్ కలిపిన నీళ్లలో ఆ పిండాలను పెంచి, ఒక వేళ దాకా పుట్టిన చక్కెరలకు ఒక రంగు, ఆ తరువాత పుట్టినవాటికి ఇంకో రంగు అద్దారు. గుడ్డు ఫలదీకరణం జరిగిన 60 గంటల తరువాత దవడ దగ్గర, రొమ్ము రెక్కల్లో, వాసన పట్టే చోట కొత్త రంగు గుప్పున వచ్చింది. చేప నోరు తెరవడానికి సిద్ధమవుతున్న గంటల్లో ఏ చోట చక్కెరలు విరివిగా తయారవుతున్నాయో, చేపను చంపకుండానే కనిపించింది.

మెచ్చుకోలుతో ఆపేస్తే సగం చెప్పినట్టే. చక్కెరకు నీళ్లంటే ఇష్టం, కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను దాటలేదు. అందుకని దాని ఆక్సిజన్ల మీద అసిటైల్ మూతలు బిగించి లోపలికి పంపుతారు, లోపల ఎంజైములు ఆ మూతలు ఊడదీస్తాయి. 2018లో బీజింగ్‌లో షింగ్ చెన్ బృందం ఒక చేదు సంగతి చెప్పింది. మూతలు బిగించిన ఆ చక్కెరలు, ఎంజైముల ప్రమేయం లేకుండానే, ప్రోటీన్లలోని గంధకం ఉన్న చోట్ల అతుక్కుపోతున్నాయి. అంటే మెరిసిన ప్రతి రంగూ కణం పనిగట్టుకుని పెట్టిన చక్కెర కాదు. అంతకుముందు వచ్చిన చక్కెర ప్రోటీన్ల జాబితాలను కొన్నిచోట్ల మళ్లీ తిరగేయాల్సి వచ్చింది. పనిముట్టును కనిపెట్టినవాళ్ల కన్నా దాని తప్పును పట్టినవాళ్లకు తక్కువ పేరొస్తుంది, అదేం న్యాయమో.

రొయ్య పెంకు చక్కెర ఇంకోచోట కూడా ఉంది, ఎవరూ ఊహించని చోట. 1984లో బాల్టిమోర్‌లో కార్మెన్-రోసా టోరెస్, జెరాల్డ్ హార్ట్ తెల్లకణాల మీద ఎన్-అసిటైల్ గ్లూకోజమీన్‌ను వెతుకుతున్నారు. వాళ్ల పనిముట్టు ఆవుపాల నుంచి తీసిన ఎంజైము. అది ఆ చక్కెర కనిపించిన చోటల్లా రేడియోధార్మిక గాలక్టోజ్‌ను తగిలిస్తుంది. కణం పైన దొరుకుతుందనుకున్నది అధికభాగం కణం లోపల దొరికింది. గొలుసు లేదు, కొమ్మ లేదు. ఒక్క చక్కెర, ప్రోటీనులోని సెరీన్, త్రియొనీన్ అనే అమైనో ఆమ్లాల్లో ఏదో ఒకదాని మీద. పెట్టడానికి ఒక ఎంజైము, తీయడానికి ఒక ఎంజైము. రోజంతా పెడుతూ తీస్తూ ఉంటాయి. జన్యువులను తిప్పే ప్రోటీన్ల మీద, మెదడులోని టౌ ప్రోటీను మీద, వేల ప్రోటీన్ల మీద ఇదే తంతు.

2002లో అమెరికాలో బూపతి రామకృష్ణన్, ప్రద్మన్ కస్బా ఆ పాల ఎంజైములో చక్కెర కూర్చునే గుంటలో 289వ చోట ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసి లూసిన్‌ను పెట్టారు. గుంట విశాలమైంది, ఇంకాస్త పెద్ద చక్కెరలు కూడా పట్టాయి. మరుసటి ఏడాదే లిండా హ్సియే-విల్సన్ బృందం ఆ విశాలమైన గుంటతో, కొక్కెం ఉన్న గాలక్టోజ్‌ను ఈ ఒంటరి చక్కెరలకు తగిలించి బయటికి లాగింది. 2008లో కెనడాలో డేవిడ్ వొకాడ్లో బృందం చక్కెరను తీసే ఎంజైమును అడ్డుకునే థయామెట్-జీ అనే రసాయనాన్ని తయారుచేసింది. దాన్ని ఎలుకలకు ఇస్తే మెదడులో ఆ చక్కెర పెరిగింది, టౌ ప్రోటీను మీద కొన్ని చోట్ల ఫాస్ఫేట్లు తగ్గాయి. అల్జీమర్స్ జబ్బులో టౌను ముద్దకట్టించేవి ఫాస్ఫేట్లేనన్న అనుమానం బలంగా ఉంది. చక్కెర కూర్చున్న చోట ఫాస్ఫేటు కూర్చోలేదు.